ఆఖరి చరణంలో పేరు

జ్ఞానదంతమట! పేరు చూస్తే మహా గొప్ప, చేసే పని చూస్తే పరమ దరిద్రం. రత్నకి కుడి దవడ చివర, చిగురు కింద అడ్డంగా పడుకుని, నెల్లాళ్ళు ఆ పిల్లని అన్నం తిననివ్వలేదు, కంటి మీద కునుకు పడనివ్వలేదు. ఇక లాభం లేదని అరకు బజార్లో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి పీకించేసుకుంది. పీకడమంటే మామూలు పీకడమా? చిగురు కోసి, పన్నుని ముక్కలు చేసి, ఒక్కో ముక్కా లాగి, పైన కుట్లు వేసింది డాక్టరమ్మ. "వారం దాకా నోరు పెద్దగా తెరవకు. వేడివి తినకు. ఉమ్మెయ్యకు. గట్టిగా మాట్లాడకు" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"పాట?" అని అడిగింది రత్న, దూది కొరుకుతూనే.

డాక్టరమ్మ నవ్వేసింది. "పాటా! కుట్లు ఊడిపోవాలనుందా తల్లీ?"

రత్న నవ్వలేదు. ఎలా నవ్వుతుంది? ఆ పాట బయటపెట్టే రోజు కోసం ఏడాది నుంచి ఎదురుచూస్తోంది మరి.

ఆ సంగతి ముందు చెప్పాలి. రత్నా వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళకి ఒక థింసా జట్టు ఉంది. చలికాలమంతా రిసార్టుల దగ్గర టూరిస్టుల కోసం ఆడతారు. టూరిస్టులు మధ్యలో దూరి, తప్పుటడుగులు వేసి, సెల్ఫీలు తీసుకుని, చలేస్తోందని లోపలికి పోతారు. వాళ్ళ ముందు పాడేవి ఎప్పుడూ పాడే పాటలే. పాటలో ఏముందో ఎవడికి కావాలి గనక? కానీ కాఫీ పళ్ళు ఏరడం అయిపోయాక, ఏడాదికొక్క రోజు, జట్టంతా కలిసి పిక్నిక్కి వెళ్తుంది. ఆ రోజు ఎవరి కోసమూ ఆడరు, తమ కోసం తాము ఆడతారు. కొత్త పాట కట్టినవాళ్ళు ఆ రోజే బయటపెడతారు. ఆఖరి చరణంలో తల్లి పేరూ తన పేరూ కలిపి, 'ఫలానా ఆమె కూతురు ఫలానా కట్టిన పాట' అని పాడాలి. మొదటిసారి నలుగురిలో ఏ పేరుతో పాడితే పాట ఆ పేరుదే. తర్వాత తలకిందులుగా తపస్సు చేసినా మారదు.

రత్న తల్లి సోములమ్మ నిరుడు పోయింది. బతికినన్నాళ్ళూ విస్తళ్ళు కుట్టే అడ్డాకుల మోపులు నెత్తిన పెట్టుకుని డుంబ్రిగుడ సంతకి నడిచిన మనిషి. ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటి లేదు. ఆధార్ కార్డు మీద ఉంది గానీ, అందులో ఆమె ఆమెలా లేదు, పోలీసులు పట్టుకున్న దొంగలా ఉంది. అందుకని రత్న తల్లి మీద పాట కట్టింది. కాఫీ తోటలో పళ్ళు ఏరుతూ ఏరుతూ ఒక్కో మాటా కూర్చింది. ఆఖరి చరణంలో అమ్మ పేరు నిలబడితే చాలు. ఊళ్ళో ఆడపిల్లలు ఆ పాట పాడినన్నాళ్ళూ అమ్మ ఉన్నట్టే. ఆ పిల్ల ఆశల్లా అదొక్కటే.

ఆ పాట అప్పటికి విన్నది ఒకే ఒక్క మనిషి. రత్న నేస్తం రమణి.

నేస్తమంటే ఏదో కలిసి తిరిగే స్నేహితురాలు అనుకునేరు. కాదు. చిన్నప్పుడు జట్టు పెద్ద రాజులమ్మ ఇద్దరినీ ఎదురెదురుగా పీటల మీద కూర్చోబెట్టి, గాజులు మార్పించి, ఒకరి దోసిట్లో బియ్యం ఇంకొకరి దోసిట్లో పోయించి నేస్తం కట్టింది. ఆ క్షణం నుంచి ఒకరి పేరు ఒకరు ఎత్తకూడదు. 'నేస్తమా' అనే పిలవాలి. ఎవరైనా పేరు ఎత్తారో, నేస్తం తెగిపోయినట్టే. మళ్ళీ కట్టడానికి లేదు. రేషన్ డిపోలో "నీ వెనకాల ఉన్నదెవరమ్మా?" అని డీలరు అడిగితే "మా నేస్తం" అనేది రత్న. "ఆ నేస్తానికి పేరు లేదా తల్లీ!" అని వాడు నెత్తి కొట్టుకునేవాడు. ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళు. ఇద్దరికీ పాతికేళ్ళ వయసు దగ్గర పడుతున్నా ఆ నవ్వు అలాగే ఉంది.

పిక్నిక్ ముందు రోజు సాయంత్రం రమణి వచ్చింది. రత్న అరుగు మీద కూర్చుని, తడిగుడ్డ బుగ్గకి ఒత్తుకుంటోంది. పన్ను తీయించుకుని అప్పటికి రెండో రోజు. తగ్గాల్సింది పోయి వాపు ఇంకా పెరిగింది.

"ఓలమ్మో! ఇదేటి నేస్తమా, బుగ్గలో గుమ్మడికాయి దాసీసినావేటి?"

రత్న నవ్వబోయింది. దవడ కలుక్కుమని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాను రాను. మీరెల్లండి. పాట మళ్ళా ఏడు సూద్దాం" అంది, పళ్ళు విడకుండానే.

"సాల్లే సెప్పొచ్చావు! నువ్వు లేకండా నానెల్తానేటి? జీపు మాటాడీసినాం. రాజులమ్మ పిన్ని కోళ్ళు కొనీసింది. రవిబాబు కూడా కెమేరా అట్టుకుని వత్తన్నాడు."

రవిబాబు అనే ఆయనది విశాఖపట్నం. కొండ పాటలు వీడియోలు తీసి ఫోన్లలో పెడుతుంటాడు. బోలెడంత మంది చూస్తారట. పోయినసారి వచ్చినప్పుడు ఒక మాట అని వెళ్ళాడు. సొంతంగా పాట కట్టినవాళ్ళు ఉంటే పట్నం తీసుకెళ్ళి స్టూడియోలో పాడిస్తానన్నాడు. స్టూడియో మీద రత్నకి పెద్ద ధ్యాస లేదు. అమ్మ పేరు అంతమంది వింటారన్న మాట మాత్రం గుండెలో పడిపోయింది.

రత్న నోరు తెరిచి, సందులో వేలు పెట్టి చూపించింది. ఆ ఒక్క వేలికే ఖాళీ. ఇంకెక్కడి పాట?

రమణి దగ్గరికి జరిగి చెయ్యి పట్టుకుంది. "నువ్వు నోరు తెరవక్కల్లేదు. నాను పాడతాను. నువ్వు నా పక్కన కూకో, అంతే. నీ నోరూ నా నోరూ ఏరేటి? తోటలో నీతోపాటు ఎన్నిసార్లు పాడలేదు?"

రత్న బుగ్గ మీది తడిగుడ్డ దించింది. "ఆఖర్న?" అంది.

"ఆఖర్న ఏటి?"

"అమ్మ పేరు."

"అది నాకు సెప్పాలేటి! నీ పేరు నానెత్తకూడదు కాబట్టి, 'సోములమ్మ కూతురు కట్టిన పాట' అనీసి ఊరుకుంతాను. సోములమ్మకి నువ్వొక్క గుంటవే కదా. తెలీనోలెవులు?"

అబ్బ, ఎంత చక్కగా ఆలోచించింది! రత్నకి కడుపు నిండిపోయింది. నోటితో చెప్పలేక రమణి చేతిని తీసుకుని తన మంచి బుగ్గకి ఆనించుకుంది. తోడబుట్టినవాళ్ళు లేకపోతేనేం, నాకు నేస్తం ఉంది అనుకుంది. పిచ్చి పిల్ల. అలాగే అనుకుంది.

మర్నాడు జీపులో రమణి తన పక్కనే కూర్చోబెట్టుకుంది. గాలి తగలకుండా శాలువా తీసి రత్న చెవుల మీంచి గడ్డం కింద ముడి వేసింది. గతుకు వచ్చినప్పుడల్లా తల తన భుజానికి ఆనించుకుంది. జట్టులో ఒకామె "పెళ్ళాన్ని సూసుకున్నట్టు సూసుకుంతన్నావే!" అని వేళాకోళం చేస్తే, "సూసుకోనేటి మరి! నా నేస్తం!" అంది రమణి. జీపంతా నవ్వులు.

డుంబ్రిగుడ దాటాక చాపరాయి. పెద్ద రాతి పలక మీద నీళ్ళు పరుచుకుని జారిపోయే చోటు. ఆ రోజు జనం పెద్దగా లేరు. వెదురు బొంగుల్లో కోడి ముక్కలు కూరి, నోళ్ళకి ఆకులు కుక్కి మంట మీద పడేశారు. కాసేపటికి కమ్మటి వాసన లేచింది. అయ్యో రాత! అందరూ వేళ్ళు నాకుతూ తింటుంటే రత్న మాత్రం ఒక పక్కన కూర్చుని, రమణి రాగులతో కాచి తెచ్చిన చల్లటి చోడంబలి చెంచాతో కొంచెం కొంచెం లోపలికి పంపించుకుంది. తిట్టుకోలేదు. ఆకలి కూడా వేయలేదు. పాట మీదే ఉంది ప్రాణమంతా.

తిండి అయ్యాక రాజులమ్మ లేచి చెంగు దోపుకుంది. "ఏటే గుంటల్లారా, ఈ ఏడు కొత్త పాట ఎవులు కట్టినారు?"

రమణి లేచి నిలబడింది. "నాను పాడతాను పిన్నీ" అంది. రవిబాబు ఫోను పైకెత్తాడు. ఆడవాళ్ళు నడుముల వెనక చేతులు కలుపుకుని వరసగా నిలబడ్డారు. రమణి తల్లి పైడమ్మ ముసలి కాళ్ళతో ఆడలేక, రత్న పక్కన రాయి మీద చతికిలబడింది.

*అడ్డాకు మోపెత్తి కొండ దిగేవమ్మా,*
*ఎండ నీ ఎనకాల నడిసొచ్చెనమ్మా,*
*సంతలో బేరాలు సాలించి రామ్మా,*
*సలిమంట నీ కోసం మండుతున్నాదమ్మా.*

రమణి గొంతు బాగుంది. కాదంటే కళ్ళు పోతాయి. నీళ్ళ చప్పుడు మీంచి ఆ పాట సాగుతుంటే ఆడే కాళ్ళు నెమ్మదించాయి. ఒకామె కళ్ళు తుడుచుకుంది. ఎదురుగా అమ్మ మోపు దించుకుని వస్తున్నట్టే అనిపించింది రత్నకి. పెదాలు కదలకుండా లోపల్లోపల తనూ పాడుకుంది. ఒక్కో చరణం, ఒక్కో చరణం. చివరిది వచ్చింది.

*దారిలో రాయైన సెబుతాది ఈ మాట,*
*పైడమ్మ కూతురు రమణి కట్టిన పాట.*

రత్నకి ముందు అర్థం కాలేదు. నొప్పి మాత్రల మత్తు అనుకుంది. వరస తిరిగి, ఆ చరణమే మళ్ళీ అందరూ కలిసి అందుకున్నారు. పైడమ్మ కూతురు రమణి కట్టిన పాట. ఈసారి అంతమంది గొంతులతో వినపడింది.

పక్కన పైడమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది. "నా మీద పాట కట్టిందే నా గుంట! నాను మోపులు మోసినకాడి నుంచీ కడుపులో ఎట్టుకుందే!" అని రత్న చెయ్యి పట్టుకుని ఊపేసింది. నిజమే, ఆవిడా మోసింది మోపులు. కొండ మీద మోయనిదెవరు? పాట ఆవిడకీ సరిగ్గా సరిపోయింది. ఆవిడ ఏడుపులో అబద్ధం లేదు, అదే రత్నని చంపేసింది.

"నీ ఇల్లు బంగారం గాను! నీలో ఇంతుందని అనుకోలేదే" అని రాజులమ్మ రమణికి మెటికలు విరిచి దిష్టి తీసింది. రవిబాబు ఆత్రంగా ముందుకొచ్చాడు. "అమ్మా, ఈ పాట మీరే కట్టారా?"

రమణి రత్న వైపు చూడలేదు. నీళ్ళ వైపు చూసింది. "నానే బాబూ" అంది.

రత్న లేచింది. లేచి ఏదో అనబోయింది. "న్నా... అమ్..." అని ముద్దగా ఏవో శబ్దాలు వచ్చాయి గానీ మాట రాలేదు. బలవంతంగా నోరు తెరిచేసరికి దవడలో ఏదో పటుక్కుమంది. నోరంతా ఉప్పగా అయింది, పెదవి చివర ఎర్రగా కారింది.

"అయ్యయ్యో, నెత్తురే! పాపం, గుంటకి నొప్పి ఎక్కువైపోనాది!" అని నలుగురూ మూగారు. మాత్రెయ్యండని ఒకరు, పడుకోబెట్టండని ఒకరు. రమణే అందరినీ తోసుకుని వచ్చింది. రత్న సంచిలోంచి డాక్టరమ్మ ఇచ్చిన దూది తీసి, ఉండ చేసి, రత్న నోట్లో పెట్టింది. "కొరుకు నేస్తమా. గట్టిగా కొరుకు. మాటాడకు" అంది.

తన పాట దొంగిలించినామె తన నోట్లో దూది కుక్కుతోంది! చుట్టూ ఉన్నవాళ్ళేమో "నేస్తమంటే ఇలాగుండాలి" అని మెచ్చుకుంటున్నారు. ఏం చేస్తుంది రత్న? కొరికింది.

అందరూ టీ పెట్టుకోవడానికి మంట దగ్గరికి వెళ్ళాక, రమణి రత్నని రెక్క పట్టుకుని నీళ్ళ అంచుకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. చేతులు కడుక్కుంటూ, ముఖం ఇటు తిప్పకుండా మాట్లాడింది.

"నామీద కోపమొచ్చీసిందా? నానేటి సేసేది సెప్పు. నీ పేరు నానెత్తకూడదు కదా. పాటకి ఏదో పేరు ఉండాల కదా."

రత్న ఆమె వైపే చూస్తోంది.

"ఈ పాటొకటి నాకు ఒగ్గీ నేస్తమా. నీకు పాటలు ఊరికే వచ్చేస్తాయి. పళ్ళు ఏరతా ఏరతా కట్టీగలవు. నానెంత తన్నుకున్నా ఒక్కటి రాదు. రవిబాబు పట్నం తీసుకెల్తానన్నాడు. రిసార్టు కాడ తాగుబోతోల ముందల ఎన్నాళ్ళు ఎగరను? మా అమ్మ ఎలాగ మురిసిపోనాదో సూసావు కదా."

ఇందులో కొంత రత్నకి అర్థమైంది. అర్థమవడం వల్ల నొప్పి తగ్గుతుందా? ఇంకా పెరిగింది. వరసగా పాటలన్నీ అడిగినా ఇచ్చేసేదే, ఒక్క ఇది తప్ప. ఆ సంగతి రమణికి తెలుసు. తోటలో ఈ పాట కడుతూ రత్న మాట రాక ఏడిస్తే, కళ్ళు తుడిచింది రమణే.

రత్న దూదిని బుగ్గలోకి తోసి, ఒక్కో అక్షరం బయటికి లాగింది. "నా పేరు... ఎత్తకూడదు. మా అమ్మ పేరు... ఎత్తొద్దని... ఎవులన్నారు?"

రమణి చేతులు నీళ్ళలో ఆగిపోయాయి. చాలా చిన్నగా, "సోములమ్మ అంటే నీదని తెలిసిపోద్ది కదా" అంది.

అదీ సంగతి. అంటే నిన్న సాయంత్రం చెయ్యి పట్టుకున్నప్పుడే తెలుసన్నమాట. శాలువా ముడి వేసినప్పుడు తెలుసు. జీపులో భుజం ఇచ్చినప్పుడు తెలుసు. నువ్వు లేకుండా వెళ్ళనంటే ప్రేమ అనుకుంది రత్న. పక్కన నేస్తమే కూర్చుని వింటుంటే, పాట ఎవరిదని ఎవరికి అనుమానం వస్తుంది? నోరు తెరవలేని నేస్తమైతే ఇంకా మంచిది. ఆ చోడంబలి కూడా కడుపులో విషమైపోయినట్టు అనిపించింది.

ఇప్పుడు కాకపోతే వారం తర్వాత నోరు వస్తుంది, అప్పుడు చెప్పొచ్చు కదా అనుకోవచ్చు మీరు. ఏమని చెబుతుంది? 'నాది' అంటే చాలదు, పాడిన పేరుని కొట్టెయ్యాలి; ఆ పాట రమణిది కాదు అని చెప్పాలంటే పేరు ఎత్తాలి. ఎత్తితే నేస్తం తెగుతుంది. నేస్తం కోసం చావనైనా చస్తుంది గానీ రత్న ఆ పని చేయదని రమణికి గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీదే పాడింది. రత్న మంచితనాన్నే రత్నకి అడ్డం పెట్టింది.

"ఒకసారి ఇటు రండమ్మా!" అని రవిబాబు కేక వేశాడు. "ఇందాక గాలి హోరు పడింది. చివరి చరణం ఇంకోసారి తీద్దాం."

రమణి గబగబా లేచి వెళ్ళింది. వెళ్తూ రత్న భుజం నొక్కి వెళ్ళింది. ఆడవాళ్ళు మళ్ళీ వరస కట్టారు. పైడమ్మని కూడా ముందుకి తెచ్చి, ఫోనుకి కనపడేలా కూర్చోబెట్టారు. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, జుట్టు సర్దుకుని, కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడుతోంది. పాపం, ఆవిడేం చేసింది? రత్న కాళ్ళు ఒక్క క్షణం ఆగాయి.

ఆధార్ కార్డు మీది అమ్మ మొహం గుర్తొచ్చింది. కాళ్ళు మళ్ళీ కదిలాయి.

రత్న వచ్చి వరసకీ ఫోనుకీ మధ్య నిలబడింది. గడ్డం కింది ముడి విప్పి శాలువా రమణి చేతిలో పెట్టింది. ఉమ్మెయ్యొద్దని డాక్టరమ్మ చెప్పింది కదా, ఆ నెత్తుటి దూదిని అక్కడే రాతి మీద ఉమ్మేసింది.

"రమణీ" అంది.

ముద్దగానే వచ్చింది, కానీ అందరికీ వినపడింది. వరసలో కలిసిన చేతులు విడిపోయాయి. "ఓలమ్మో!" అని రాజులమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. రమణి మొహంలో నెత్తురు చుక్క లేదు. రవిబాబుకి ఒక్క ముక్క అర్థం కాక, ఫోను అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"నొప్పితో నోరు జారీసింది, ఆ మాటని..." అని రాజులమ్మ అందుకోబోయింది.

రత్న తల అడ్డంగా ఊపింది. దవడని చేత్తో పట్టుకుని మళ్ళీ అంది. "రమణీ. రమణీ. జారలేదు పిన్నీ. నానే తెంపీసినాను." ఊపిరి తీసుకుంది. గడ్డం మీదికి నెత్తురు కారుతోంది, తుడుచుకోలేదు. రమణి కళ్ళలోకి చూసింది. "ఇంక నా పేరు నువ్వెత్తొచ్చు. పాడు."

పైడమ్మ కూతురి మొహం చూసింది, రత్న మొహం చూసింది. ఆ తల్లికి ఇంకెవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. "ఏటే, ఈ పాట నీది కాదేటి?" అంది. రమణి తల వంచుకుంది. పైడమ్మ మెల్లగా లేచి, తనని కూర్చోబెట్టిన చోటు నుంచి పక్కకి వెళ్ళి నిలబడింది.

"పాడవే" అంది రాజులమ్మ. ఆవిడ గొంతు కరుకుగా ఉంది. "అబద్దపు పేరుతో పాడింది లెక్కలోకి రాదు. ఇప్పుడు పాడిందే మొదలు."

రమణి పాడింది. తల ఎత్తకుండా, శాలువా రెండు చేతుల్లో నలిపేస్తూ పాడింది.

*దారిలో రాయైన సెబుతాది ఈ మాట,*
*సోములమ్మ కూతురు రత్న కట్టిన పాట.*

వరసలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే అందుకున్నారు. సోములమ్మ కూతురు, సోములమ్మ కూతురు. అమ్మ పేరు నిలబడింది. రత్న కోరుకున్నది అదే కదా, సంతోషించాలి. కానీ ఆ పిల్ల రాతి మీద కూలబడి, వాచిన బుగ్గ పట్టుకుని భోరున ఏడ్చింది. పీటల మీద కూర్చున్న నాటి నుంచి ఇవాళ్టి దాకా ఆ గొంతులో తన పేరు ఒక్కసారి వినలేదు. ఎంత బాగా పలికింది! ఇక నుంచి రమణి కూడా అందరిలాగే తనని రత్నా అని పిలుస్తుంది.